అనుమతి లేని నిజం

ఫోనులో మేనకోడలు అన్నది ‘నీతి సంఘం’. మామయ్యకు వినిపించింది ‘నీటి సంఘం’. ‘త’కూ ‘ట’కూ మధ్య ఎప్పుడూ ఉండే తకరారే. కాకపోతే ఈసారి దాని ఫలితం ఒక సీసా నిండా పట్టింది.

“నీతి సంఘం వాళ్లు ఒప్పుకున్నారు మామయ్యా, రేపు పొద్దున్నే వచ్చెయ్” అని ఆమె సంబరంగా చెప్పింది. ఏడాదిగా తన ఇంటి కుళాయిలోంచి కషాయం రంగులో వస్తున్న నీళ్ల మీద రాసిన అర్జీలకు ఇన్నాళ్లకు మోక్షం వచ్చిందని ఆయన అనుకున్నాడు. ఆ నీళ్లే ఒక సీసాలోకి పట్టి, మూత బిగించి, తెల్లారేసరికి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ విభాగం మూడో అంతస్తుకు చేరాడు.

“ఇదిగో సాక్ష్యం” అని ల్యాబులో బల్ల మీద సీసా పెట్టాడు. “ముందు వాళ్లనే ఒక గుక్క తాగమను.”

మేనకోడలు సీసా వంకా మామయ్య వంకా మార్చి మార్చి చూసింది. “ఎవర్ని?”

“నీటి సంఘం వాళ్లని.”

“నీటి కాదు మామయ్యా, నీతి. మంచీ చెడ్డా చూసే సంఘం.”

“నీళ్లలో మంచీ చెడ్డా చూడరా?”

“నీళ్లతో వాళ్లకు పనిలేదు. పరిశోధన పేరుతో మనుషుల్ని ఇబ్బంది పెట్టకుండా చూస్తారు.”

“మరి నన్ను ఇంత పొద్దున్నే లేపడం వాళ్లకు తెలుసా?”

మామయ్య ఒక నాటక సమాజంలో ముప్ఫై ఏళ్లు ప్రాంప్టరు. తెర పక్కన నిలబడి, నటులు మరిచిపోయిన మాటలు అందించడం ఆయన వృత్తి. చప్పట్లు విన్నాడే తప్ప చూడలేదు. రాజు పాత్రధారి నోరు తెరిచి మాట దొరక్క నిలబడితే రాజ్యాన్ని నిలబెట్టింది ఆయనే, కానీ కిరీటం ఏనాడూ ఆయన నెత్తికెక్కలేదు. సమాజం మూతపడ్డాక ఆయన నోరూ మూతపడింది. ఇలా చాటున కూర్చుని చేసే పని ఉందంటే మేనకోడలికి మొదట గుర్తొచ్చింది ఆయనే.

పని ఇది. ఆమె గైడు, అంటే ఆమె పరిశోధనకు దారి చూపే పెద్దాచార్యుడు, కొన్నేళ్లుగా ఒక మాట్లాడే యంత్రాన్ని తయారు చేస్తున్నాడు. మనుషులు తమ కష్టాలు టైపు చేస్తే అది ఓదార్పుగా జవాబివ్వాలి. దానికి ‘పలుకు’ అని పేరు పెట్టాడు. పేరు పెట్టిన నాటి నుంచి అది పలకలేదు. ఇలాంటప్పుడు ఈ రంగంలో ఒక పాత పద్ధతి ఉంది. యంత్రం తయారయ్యేదాకా ఆగకుండా, అడ్డుగోడ వెనక ఒక మనిషిని కూర్చోబెట్టి, యంత్రం లాగా అతని చేత జవాబులు టైపు చేయిస్తారు. ఇవతల గదిలో కూర్చున్నవాళ్లకు “మీరు మాట్లాడేది యంత్రంతో” అని చెబుతారు. యంత్రమనుకున్నదానితో మనుషులు ఎంత మనసు విప్పుతారో చూస్తారు.

“అంటే అబద్ధం ఆడతారన్నమాట” అన్నాడు మామయ్య.

“అనుమతి తీసుకునే ఆడతాం. నీతి సంఘం ఇచ్చింది అదే. అన్నీ అయిపోయాక అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి, అసలు నిజం విప్పి చెప్పాలి. అది షరతు.”

“మా నాటకాల వాళ్లు అనుమతి లేకుండానే ఆడేవాళ్లు. చివర్లో ఎవరూ విప్పి చెప్పేవాళ్లు కాదు కూడా.”

“నువ్వు చేయాల్సిందల్లా యంత్రంలా మాట్లాడటం. ఇవతల ఎవరున్నారో నీకు తెలీదు, నువ్వెవరో వాళ్లకు తెలీదు.”

“తెలియకుండా ఉండటంలో నాకు ముప్ఫై ఏళ్ల అనుభవం” అన్నాడు మామయ్య. సీసా మాత్రం వెనక్కి తీసుకెళ్లలేదు. ఎప్పటికైనా ఏదో ఒక సంఘం రాకపోతుందా అని కిటికీ అంచున పెట్టాడు.

నీతి సంఘం అధ్యక్షుడు కంప్యూటింగ్ నీతిశాస్త్రం బోధించే ఆచార్యుడు. అందరూ నీతి మాస్టారంటారు. గైడుకు స్వయానా బావమరిది, భార్యకు తమ్ముడు. ఇంట్లో “బావా” అని పిలిచే నోటితోనే ఆఫీసులో “ఆచార్యా” అంటాడు. “బావమరిది బతుకు కోరతాడంటారు. మావాడూ కోరతాడు, కాకపోతే మూడు కాపీల్లో కోరతాడు” అని గైడు వాపోతుంటాడు. నీతి మాస్టారు చెడ్డవాడు కాదు. అసలు చిక్కు అదే, చెడ్డవాడైతే నలుగురూ కలుపుకునేవాళ్లు. ఆయన గదిలో అడుగుపెడితే చాలు, నవ్వుతున్నవాళ్లు దగ్గుతారు, మాట్లాడుతున్నవాళ్లు గడియారం చూసుకుంటారు, టీ తాగుతున్నవాళ్లు ఆ టీ ఏ పద్దు కింద వచ్చిందా అని ఆలోచనలో పడతారు.

ప్రయోగం మొదలైంది. కాపలా మనిషి వచ్చాడు, లెక్కల ఆఫీసరు వచ్చింది, పరీక్షలు తప్పిన కుర్రాళ్లు గుంపుగా వచ్చారు. ఒక్కొక్కరే తెర ముందు కూర్చుని గుండె బరువు దించుకుని, బయటికి వచ్చి మార్కులు వేశారు. విశ్వవిద్యాలయంలో ఎవరూ ఎవరికీ వెయ్యనన్ని మార్కులు. “మా అమ్మ కూడా ఇంత ఓపిగ్గా వినలేదు” అని ఒకరు రాశారు. “యంత్రమని తెలిసినా ఏడుపొచ్చింది” అని ఇంకొకరు. లెక్కల ఆఫీసరైతే రెండోసారి వస్తానంది, నిబంధనలు ఒప్పుకోవంటే అలిగి వెళ్లింది.

మేనకోడలు ఈ మాటలన్నీ ఏరి కూర్చి తన థీసిస్‌కు ఆయువుపట్టు లాంటి అధ్యాయం రాసింది. దాని పేరు ‘మనిషి వెచ్చదనం దాగదు’. యంత్రమని ఎంత నమ్మబలికినా, వెనక మనిషి ఉంటే ఆ వెచ్చదనం మాటల్లోంచి తెలిసిపోతుందని ఆమె సిద్ధాంతం. ఐదేళ్ల కష్టం. ఇది నెగ్గితే పట్టా చేతికొస్తుంది, పట్టా వస్తే ఒక కొత్త కాలేజీలో ఖాయం చేసి ఉంచిన అధ్యాపక పదవిలో వచ్చే టర్ముకే చేరిపోవచ్చు. నెగ్గకపోతే ఐదేళ్లూ నీళ్లపాలే. కిటికీలో సీసా నీళ్ల లాంటి నీళ్లు.

ఇక చివరి సభ ఒక్కటే మిగిలిందనగా, నీతి మాస్టారు గైడు గదిలోకి వచ్చాడు. గైడూ మేనకోడలూ మాట్లాడుతున్నవాళ్లు టక్కున ఆపేశారు.

“ఆచార్యా, గోడ వెనక మనిషి లేడు.”

“ఉన్నాడోయ్” అన్నాడు గైడు. “రోజూ నా కుర్చీలో దిండు పట్టుకుపోయి మరీ కూర్చుంటున్నాడు.”

“తనిఖీ కోసం నేనే మామూలు మనిషిలా వెళ్లి కూర్చున్నాను. నాకు జవాబిచ్చింది యంత్రం. మీరు అనుమతి తీసుకున్నది మనిషికి.”

“నా యంత్రమా?” గైడు నవ్వాడు. ఆ నవ్వులో ఏళ్ల తరబడి దుఃఖం ఉంది. “అది నమస్కారం అంటే ‘మీ ప్రశ్న అర్థం కాలేదు’ అంటుంది. సరే, నీకేం జవాబొచ్చింది, చూపించు.”

“చూపించను. పాల్గొన్నవాళ్ల సంభాషణ గోప్యం.”

“పాల్గొన్నది నువ్వే కదా బావమరిదీ.”

“అందుకే నా అనుమతి కావాలి. నేను ఇవ్వడం లేదు.”

“మరి యంత్రమని దేన్ని చూసి అంటున్నావు?”

“మనిషైతే నాతో అలా మాట్లాడడు. పాతికేళ్లుగా ఇక్కడున్నాను. ఒక్క మనిషీ మాట్లాడలేదు.”

ఆయన వెళ్లాక గైడు చాలాసేపు నవ్వాడు. మేనకోడలు కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఏదో అడ్డుపడింది. లేచి అడ్డుగోడ వెనక్కి వెళ్లింది. మామయ్య దిండు దులుపుతున్నాడు.

“మామయ్యా, జవాబులన్నీ నువ్వే రాశావు కదా?”

“నేనే. ఈ వేళ్లు చూడు, వాచిపోయాయి.”

“నీ బుర్రలోంచే కదా?”

మామయ్య నొచ్చుకున్నాడు. “అదేం మాటమ్మా. ప్రాంప్టరు సొంత మాట కలుపుతాడా? కలిపితే నాటకం ఏం కాను?”

“మరి ఎవరి మాట?”

“దానిది.” ఆయన కంప్యూటరు తెరలో ఒక మూల చూపించాడు. అక్కడ ‘పలుకు’ గుర్తు మెరుస్తోంది. గైడు తన విఫల యంత్రాన్ని ల్యాబులో ఉన్న ప్రతి కంప్యూటర్లోనూ పెట్టి మరిచిపోయాడు, తీసెయ్యడానికి మనసొప్పక. “యంత్రంలా మాట్లాడమన్నావు. యంత్రం ఎలా మాట్లాడుతుందో నాకేం తెలుసు? పక్కనే యంత్రం ఉంది, అడిగాను. మొదట్లో మొండికేసింది. కొత్త నటుడికి చెప్పినట్టు చెప్పాను. ఫలానా రంగం, ఎదుటి పాత్ర పరీక్ష తప్పిన కుర్రాడు, నీది ఓపికగల యంత్రం వేషం, అతను ఈ మాటన్నాడు, ఇప్పుడు నీ మాటేమిటి, అని. ఇంక చూడు, గడగడా చెప్పేసింది. నేను పొల్లు పోకుండా ఎక్కించాను.”

మేనకోడలు దిండు లేని కుర్చీలో కూలబడింది. ఐదేళ్లు ఏం కట్టిందో, అది దేని మీద కట్టిందో ఒక్కసారిగా కనిపించింది. మనిషి యంత్రంలా నటిస్తున్నాడని తను అనుకుంది. మనిషి యంత్రాన్ని అడిగి, యంత్రంలా నటించాడు. మనిషి వెచ్చదనం దాగదని తను రాసిన అధ్యాయంలో ఉన్న వెచ్చదనం, మహా అయితే కంప్యూటర్ వేడెక్కడం వల్ల వచ్చింది.

“ముందే చెప్పకూడదా మామయ్యా.”

“నువ్వు అడగలేదు. ప్రాంప్టరు తనంతట తాను బయటికొచ్చి, మాట నేనే అందించాను అంటాడా?”

“అన్నీ అదే చెప్పిందా? నీ మాట ఒక్కటీ లేదా?”

మామయ్య నీళ్లు నమిలాడు. “దాదాపు అన్నీ.”

ఆ ‘దాదాపు’ను పట్టుకునే స్థితిలో ఆమె లేదు. గైడు దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన ముఖం ముందు పాలిపోయింది. తర్వాత, పాలిపోయిన చోటే పాలు పొంగాయి.

“ఆగాగు. పలుకు మాట్లాడిందా? అందరికీ? ఏడ్చారా?”

“ఏడ్చారు సార్.”

“నేను ఎప్పుడూ అంటూనే ఉన్నాను అది అద్భుతమని.”

“నమస్కారం కూడా అర్థం కాదన్నారు, ఇందాక.”

“ఇందాకటి మాట వేరు.” గైడు లేచి తలుపు వేసి వచ్చాడు. ఆయనకు రెండు వైపులా నొప్పిగానే ఉంది. నిజం బయటపడితే ఆయన యంత్రం గొప్పదవుతుంది, శిష్యురాలి థీసిస్ మునుగుతుంది. దాస్తే థీసిస్ తేలుతుంది, యంత్రం మునుగుతుంది. “చూడమ్మా, మావాడి దగ్గరున్న సాక్ష్యం వాడు చూపించడు. మీ మామయ్య చెప్పడు. వేళ్లు మాత్రం మనిషివే, అది నిజమే కదా. రేపు సభలో ‘మీరు మాట్లాడింది మనిషితో’ అని చెప్పేస్తే సరిపోతుంది. లేదంటావా, నీ ఇష్టం. నిర్ణయం పూర్తిగా నీకే వదిలేస్తున్నాను.” ఇంత ఉదారంగా ఆయన ఐదేళ్లలో ఆమెకు ఏదీ వదిలెయ్యలేదు.

“సార్, ఆ సభ పెట్టేదే అబద్ధం విప్పడానికి. అక్కడే ఇంకోటి కట్టమంటారా?”

ఆమె ఆ సాయంత్రమే థీసిస్‌లో ఆ అధ్యాయం తెరిచింది. బాగుంది. ఎంత బాగుందంటే, చదువుతుంటే తనకే నమ్మాలనిపించింది. కొత్త కాలేజీ వాళ్లు చేరే తేదీ అడుగుతూ పంపిన సందేశానికి జవాబు రాయబోయి, ఆపేసింది.

మర్నాడు హాలు నిండింది. పాల్గొన్నవాళ్లందరూ వచ్చి ముచ్చట్లాడుకుంటున్నారు. నీతి మాస్టారు వచ్చి ముందు వరసలో కూర్చోగానే వెనక వరసలన్నీ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాయి. వేదిక మీద బల్ల, బల్ల మీద ఎవరో మంచినీళ్లనుకుని కిటికీలోంచి తెచ్చి పెట్టిన మామయ్య సీసా.

మేనకోడలు నిలబడింది. గొంతు సర్దుకుంది.

“మీరు మాట్లాడేది యంత్రంతో అని మీకు చెప్పాం. అది అబద్ధం కావాల్సింది. గోడ వెనక ఒక మనిషిని పెట్టాం. కానీ ఆ మనిషి, మాకు తెలియకుండా, యంత్రాన్ని అడిగి మీకు జవాబులిచ్చాడు. కాబట్టి మీరు మాట్లాడింది యంత్రంతోనే. మనిషి వెచ్చదనం అని నేను రాసినదంతా తప్పు. క్షమించాలి.”

హాల్లో ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కాపలా మనిషి చెయ్యెత్తాడు.

“అంటే మాకు మీరు అబద్ధం చెప్పలేదు.”

“లేదు. చెప్పామనుకున్నాం.”

“మరి క్షమాపణ దేనికమ్మా?”

“చెప్పామనుకున్నందుకు.”

“మా ఆవిడకు నేను రోజూ అబద్ధాలే చెబుతుంటాను, ఏనాడూ క్షమాపణ అడగలేదే” అన్నాడాయన. నవ్వులు లేచాయి. లెక్కల ఆఫీసరు మాత్రం నవ్వలేదు. తను ఎవరి ముందు ఏడ్చిందో ఆమె ఇంకా తేల్చుకుంటోంది.

నీతి మాస్టారు లేచాడు. నవ్వులు కూర్చున్నాయి.

“ఇది నవ్వే విషయం కాదు. వీళ్లకు సంఘం ఇచ్చింది అబద్ధం చెప్పడానికి అనుమతి. వీళ్లు ఆ అనుమతిని దుర్వినియోగం చేసి నిజం చెప్పారు.”

“నిజానికి కూడా అనుమతి కావాలా బావమరిదీ?” అన్నాడు గైడు.

“ఆచార్యా, మనుషుల మీద ఏది ప్రయోగించినా కావాలి.” ఆయన హాలు వైపు తిరిగాడు. “ఈ మోసం... ఈ నిజం, మొదట పట్టుకున్నది నేను. నాకొచ్చిన జవాబు చూడగానే అన్నాను, మనిషైతే ఇలా మాట్లాడడని.”

అప్పుడు వేదిక పక్క తెర కదిలింది. జీవితంలో మొదటిసారి మామయ్య తెర ఇవతలికి వచ్చాడు. అలవాటు లేని వెలుతురుకు కళ్లు చికిలించుకున్నాడు. ఎవరికి మాట అందించాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, తనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

“ఒక్క చోట నేను సొంత మాట కలిపాను. ఇంత నిజం చెప్పాక అది దాచడం బాగోదు. ఎవరో పాపం, ‘నేను గదిలోకి వస్తే అందరూ మాటలు ఆపేస్తారు, ఏం చెయ్యాలి’ అని రాశాడు. యంత్రాన్ని అడిగాను. మీ భావాలు సహజమైనవి అంటూ ఒక పేజీ చెప్పింది. ఆ మనిషికి అది అతకదనిపించింది. అందుకని నా నోటికొచ్చింది రాసేశాను.”

“ఏం రాశావు మామయ్యా?” మేనకోడలు అడిగింది.

“‘నువ్వు వెళ్లేది వాళ్ల మాటలు వినడానికా, తప్పులు వినడానికా? ముందది తేల్చుకో. తేలాక లోపలికి వెళ్లు, కూర్చో, ఒక టీ అడుగు’ అని.” మామయ్య చేతులు జోడించాడు. “ఆయన ఇక్కడుంటే క్షమించాలి. ముప్ఫై ఏళ్ల వృత్తిలో అదొక్కటే తప్పు.”

హాల్లో ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. అందరికీ తెలిసిపోయిందనడానికి అదే గుర్తు. నీతి మాస్టారు నిలబడే ఉన్నాడు. నోరు ఎండిపోయినట్టుంది, బల్ల మీద సీసా అందుకున్నాడు, రంగు చూసి మళ్లీ పెట్టేశాడు. తన సంభాషణ గోప్యం. కానీ సభ షరతు రాసింది తనే: పాల్గొన్నవాళ్లందరికీ ఉన్నదంతా విప్పి చెప్పాలి. రెండు నియమాలూ ఆయనవే. రెండిటి మధ్యా ఇరుక్కున్నదీ ఆయనే.

“ఆ ఎవరో నేనే” అన్నాడు చివరికి. “ఇంకా అర్థం కానివాళ్ల కోసం చెబుతున్నాను. మీ అందరికీ జవాబిచ్చింది యంత్రం, మీరు దాన్లో అమ్మను చూశారు. నాకొక్కడికే మనిషి జవాబిచ్చాడు, నేను దాన్ని యంత్రమన్నాను. యంత్రం ఉందన్న నా ఫిర్యాదు నిజమే. దానికి నేను చూపగలిగిన సాక్ష్యం మాత్రం మొత్తం ప్రయోగంలో ఉన్న ఒకే ఒక్క మనిషి మాట.”

వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆశ్చర్యం ఏమిటంటే, నీతి మాస్టారు ఆ నవ్విందెవరని చూడలేదు. కుర్చీలో కూర్చుని, “టీ ఏమైనా దొరుకుతుందా” అని అడిగాడు.

“మరి మా అమ్మాయి థీసిస్?” అన్నాడు గైడు.

“జరిగిపోయిన నిజానికి అనుమతి ఇవ్వలేం. జరగబోయేదానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. యంత్రం అని చెప్పి, యంత్రాన్నే పెట్టి, మళ్లీ చెయ్యమనండి.” ఆయన మేనకోడలి వైపు తిరిగాడు. “టర్ము పోతుందమ్మా. కొత్త కాలేజీ వాళ్లకు నేను రాస్తాను. ఎవరూ రుజువు చెయ్యలేని చోట, తనకు నష్టమని తెలిసీ నిజం చెప్పింది, ఒక్క టర్ము ఆగండి అని. ఆగకపోతే వాళ్ల ఖర్మ.”

“మూడు కాపీల్లోనా బావమరిదీ?”

“మూడే బావా” అన్నాడు నీతి మాస్టారు. ఆఫీసులో ఆ పిలుపు అదే మొదలు.

మేనకోడలు కూర్చుంది. ఐదేళ్లకు ఇంకో అరేడాది తోడైంది. అయినా రాత్రంతా మోసిన బరువు మాత్రం బల్ల మీదే వదిలేసినట్టనిపించింది.

టీలు వచ్చాయి. అందరూ లేచి మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెట్టాక, లెక్కల ఆఫీసరు బల్ల దగ్గరికి వచ్చి సీసా పైకెత్తింది. “అన్నీ చెప్పారు గానీ, ఈ నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇది కూడా ప్రయోగమా?”

మామయ్య తలదించుకున్నాడు. మేనకోడలు మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది: తను ఫోనులో అన్నది నీతి సంఘం, ఆయన విన్నది నీటి సంఘం, కుళాయి కథ ఏడాది నాటిది, సీసా ఆ ఫోను మర్నాటి నుంచీ తన సంఘం కోసం ఎదురుచూస్తోంది. హాలంతా విని నవ్వింది. లెక్కల ఆఫీసరు మాత్రం సీసాను వెలుతురుకేసి తిప్పి చూస్తూ, “మా ఆయన పనిచేసేది నీటి సంఘంలోనే, చిరునామా ఇవ్వండి” అని సంచిలో వేసుకుంది.

ఆ రోజు ఆ హాల్లోకి వచ్చిన ఫిర్యాదుల్లో, చేరాల్సిన చోటికి చేరింది అదొక్కటే.